జేబు మీది పేరు

ఇపోలో అక్కావాళ్ళింట్లో ఉండగా, ఒక ఆదివారం రాత్రి అక్క కూతురు తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. మెడిసిన్ మూడో ఏడు. మర్నాటి నుంచి వార్డుల్లోకి వెళ్ళాలి. బల్ల మీద బ్యాడ్జి. దాని పేరు కింద మలయ్‌లో ‘పెలాజర్ పెరుబాతన్’ అని ఉంది. వైద్య విద్యార్థి అని.

“డాక్టరమ్మా, గోళ్ళు కూడా తీసేసుకున్నావే!” అన్నాను.

“ఇంకా డాక్టర్ని కాను పిన్నీ. ఆ సంగతి చెప్పడానికే ఈ బ్యాడ్జి.”

జుట్టు ముడేసుకోవాలిట, ఉంగరాలు కూడదుట. టుడుంగ్ కట్టుకునే స్నేహితురాళ్ళు బ్యాడ్జి దాని కింద దాగిపోకుండా పైకి పెట్టుకోవాలిట. ఇదంతా సోకు కోసం కాదు. చేతుల మీదా బట్టల మీదా క్రిములు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతాయి. ఇంగ్లండ్ ప్రభుత్వాసుపత్రుల్లో 2008 నుంచి మోచేతుల కింద గుడ్డా, గడియారం ఉండకూడదన్నారు. దాంతో పొడుగు చేతుల తెల్లకోటే మూలపడింది.

నాకు మాత్రం బ్యాడ్జి దగ్గరే మనసాగింది. కొన్నేళ్ళ కిందట నాకు ఆపరేషన్ అయినప్పుడు తెల్లకోటు వేసుకున్న ఒక కుర్రాడొచ్చి కుట్లు నొక్కి చూశాడు. మా ఆయనకి కూడా చెప్పని సంగతులు అడిగితే చెప్పాను. విద్యార్థి అని మర్నాడు తెలిసింది. అడిగుంటే సరేననేదాన్నే. అడగలేదు, అదీ బాధ.

కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ డాక్టరు క్యాన్సర్‌తో మంచం పట్టినప్పుడు, తన దగ్గరికొచ్చే సిబ్బందిలో చాలామంది పేరైనా చెప్పడం లేదని గమనించింది. ‘నమస్తే, నా పేరు ఇదీ’ అని మొదలుపెట్టండంటూ 2013లో ఉద్యమం నడిపింది. 2016లో పోయింది.

అక్క కూతురి బ్యాడ్జి మీద పేరు, ‘అనాక్ పెరెంపువాన్’ అంటే ‘కూతురు’ అనే మాటకి పొడి అక్షరాలు, ఆపైన తండ్రి పేరు. మలేషియాలో మనవాళ్ళ పేర్లు చాలావరకు ఇలాగే రాస్తారు. బావగారి తాతలు విశాఖ వైపు నుంచి బాగన్ దాతో కొబ్బరి తోటల్లో పనికొచ్చారు. ఇంటిపేరు కాగితాల్లోకి ఎక్కలేదు. తండ్రి పేరు చివర ‘నాయుడు’ ఒక్కటి మిగిలింది.

నేను హైదరాబాదు వచ్చేశాక ఫోన్ చేసింది. వార్డులో ఒక ముసలావిడ బ్యాడ్జి మీద ‘నాయుడు’ చూసి, “మన తెలుగోళ్ళ పిల్లవా? డాక్టరువా?” అందిట.

“తెలుగే అమ్మమ్మా. డాక్టర్ని కాను, నేర్చుకుంటున్నా. మీరు సరేనంటేనే చూస్తాను.”

ఆవిడ చెయ్యి చాపిందిట. “చూడు మరి. చూడకపోతే ఎలా నేర్చుకుంటావు?”