తొట్టె వెనుక దీపము వెలుగుచున్నదా?

నూర్పుల రోజులలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ధాన్యపు తొట్టెలు చీకటిపడిన పిదప కూడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుచుండును. వెనుక ఎఱ్ఱదీపము లేని తొట్టె లారీ డ్రైవరుకు దగ్గరపడువరకు కనుపించదు. ఇట్టి దీపమును బాగుచేయుట కష్టము కాదు. లోపమును వరుసగా వెదకవలెను.

ఒక్క దీపమే వెలుగనిచో ముందు బల్బును మార్చి చూడవలెను. అన్నియు వెలుగనిచో ట్రాక్టరు ఫ్యూజును చూచి, స్విచ్చి వేసి, 12 వోల్టుల పరీక్షదీపమును ట్రాక్టరు సాకెట్టుకు తగిలించవలెను. అది వెలిగినచో లోపము ప్లగ్గులోనో, తొట్టెలోనో గలదు.

దీపములు మసకబారినను, మలుపుదీపముతోపాటు వెనుకదీపము కూడ మినుకుమన్నను ఎర్తును అనుమానింపవలెను. కరెంటు దీపమునుండి తొట్టె ఇనుము ద్వారా బ్యాటరీకి తిరిగి చేరవలెను గదా! ఉప్పుగాలి తగులు తీరగ్రామములలో ఎర్తుబోల్టు త్వరగా తుప్పుపట్టును. ట్రాక్టరు ఛాసిస్ నుండి ఒక తీగను దీపము యొక్క ఇనుప భాగమునకు ఆనించినపుడు కాంతి పెరిగినచో లోపము అదియే. తుప్పు గీకి, బోల్టు బిగించి, పైన గ్రీజు పూయవలెను. కొక్కెము ద్వారా వచ్చు ఎర్తును నమ్మక, ప్లగ్గు ద్వారా వేరు తీగ వేయించుట మేలు.

ఫ్యూజు పదేపదే పోవుచున్నచో తీగ ఎక్కడనో ఒరిసి ఇనుమునకు తగులుచున్నదన్నమాట. ఫ్యూజుకు బదులు లావు తీగ కట్టరాదు. వైరింగు కాలి, తొట్టెలోని గడ్డి అంటుకొనవచ్చును.

గ్రామాధికారులు నూర్పులకు ముందే ఈ సంగతి రైతులకు చెప్పవలెను. బయలుదేరునపుడు ఒకరిని వెనుక నిలిపి దీపములన్నియు చూచుకొనుడు. అయిదు నిమిషముల పనితో ఒక ప్రాణము నిలువవచ్చును.