నేతన్న సరే, నేతక్క మాటేమి?

పత్రికలు మనలను ‘నేతన్న’ అని ఆదరముతో పిలుచుచున్నవి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన పథకమునకు కూడ ‘నేతన్న నేస్తం’ అనియే పేరు. మంచిమాటయే. కాని ‘నేతక్క’ అను మాట మన కంటబడుట అరుదు.

2019-20 చేనేత గణన ప్రకారము దేశములో నేతవారు, అనుబంధ పనులవారు కలిసి 35.22 లక్షల మంది. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. అస్సాము మొదలగు ఈశాన్య ప్రాంతములలో మగ్గమెక్కునది స్త్రీయే గనుక సంఖ్య అంతగా పెరిగినమాట నిజమే. మన ఇండ్లలో మాత్రము కండెలు చుట్టుట, ఆసు పోయుట, పడుగు సరిచేయుట - వీనిలో ఆమె చేయి పడనిదేది? అయినను ఎవరైన అడిగినచో, “మా ఇంట్లోది ఏమీ చేయదండి, నాకు సాయంగా ఉంటుంది” అందుము. సాయమునకు కూలి లేదు. చీరకింత అని కట్టిన మజూరీలో ఆమె పని కలిసిపోవును. పుస్తకములో పేరు ఒకరిదే.

ఆ సాయమెంతటిదో చూడుడు. పోచంపల్లి తరహా చీర ఒకదానికి ఆసు పోయుటలో చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. తల్లి పడు బాధ చూడలేక చింతకింది మల్లేశంగారు 1999లో ఆసుయంత్రమును సాధించి, దానికి ఆమె పేరనే ‘లక్ష్మి’ అని పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. ఆ పనిని ‘సాయమే గదా’ అని విడిచియుండినచో ఆ యంత్రము పుట్టెడిది కాదు.

మన మాటతీరును కూడ గమనింపుడు. భార్య, ‘ఆయన వచ్చారు’ అనును. భర్త, ‘అది వచ్చింది’ అనును. ఆవు వచ్చినను, బండి వచ్చినను ‘వచ్చింది’యే. స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడములను మినహాయించి తక్కినవారినే చిన్నయసూరి బాలవ్యాకరణము మహత్తులనినది. మన ఇరుగుపొరుగు భాషలు వేరు. తమిళములో ఆమెకు ‘వందాళ్’, కన్నడములో ‘బందళు’, మరాఠీలో ‘ఆలీ’ అని ప్రత్యేక రూపములున్నవి. ఒడియాలో క్రియకు లింగభేదమే లేదు. అంతమాత్రమున ఆ ఇండ్లలో స్త్రీల పాట్లు తీరినవని కాదు. క్రియ మారినంతనే కూలి మారదు.

అయితే తెలుగుననే ఒక విశేషము గలదు. నలుగురు స్త్రీలు కలిసి వచ్చినచో ‘వచ్చారు’ అందుము. ఆవులు మాత్రము ‘వచ్చాయి’. ఒంటరిగా దక్కని మన్నన పదిమందిలో దక్కుచున్నది. సంఘమనగా బహువచనమే గదా!

కాబట్టి సభ్యత్వపు దరఖాస్తులో ‘వృత్తి’ అనుచోట ‘గృహిణి’ అని గాక ‘చేనేత’ అని వ్రాయింపుడు. వాటా ఆమె పేరనుకూడ తీసికొనుడు. ఆసుకు, కండెలకు మజూరీలో వేరు పద్దు చూపుడు. మహాసభలో ఆమెకు ముందువరుసలో చోటిచ్చి, మాటాడనిండు. పేకలేక పడుగు గుడ్డ కాదని మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.