వడిపరుగునకు మంచి సమయమెంత?

తెల్లవాఱకముందే కోల్‌కతా మైదానము మేలుకొనును. విక్టోరియా స్మారక మందిరము చుట్టును, నగరమునకు దక్షిణముననున్న రవీంద్ర సరోవరము గట్టుపైనను నడచువారు, పరుగెత్తువారు పెక్కుమంది కనబడుదురు. వీరిలో పందెములకై సాధన చేయువారు కొలదిమంది మాత్రమే. తక్కినవారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు, గృహిణులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు. దేహారోగ్యము కొఱకును, మనస్సునకు ఉల్లాసము కొఱకును వీరు పరుగెత్తుదురు. డిసెంబరు మాసమున నగరములో జరుగు 25 కిలోమీటర్ల పరుగులో పాల్గొనవలెనను కోరికతో నెలల తరబడి సాధన చేయువారును వీరిలో కలరు.

ఇట్టివారిలో కొందఱు ఒకే తీరున పరుగెత్తుటకు బదులు, కొంత దూరము వడిగా పరుగెత్తి, కొంతసేపు మెల్లగా నడచి, మరల వడిగా పరుగెత్తు పద్ధతిని అవలంబించుచున్నారు. దీనికే ఇంటర్వెల్ శిక్షణ, అనగా విరామ శిక్షణయని పేరు. ఒక వడిపరుగు ముగియగానే సాధకుడు రొప్పుచు చేతి గడియారము వంక చూచుకొనును. పిదప ప్రక్కవానిని అడుగును: "రెండువందల మీటర్లకు యాబది సెకనులు పట్టినదండీ. ఇది మంచి సమయమేనా?"

ప్రశ్న చిన్నదే. కాని తప్పు సమాధానము వలన కలుగు నష్టము చిన్నది కాదు. ఇతరుల సమయమును అందుకొనవలెనను పంతముతో పరుగెత్తి తొడ కండరమును గాయపఱచుకొనువారు కలరు. తేమతో కూడిన వేడిలో సొమ్మసిల్లి పడువారు కలరు. "ఇది నా వలన కాదు" అని నిరాశచెంది వ్యాయామమునే విడిచిపెట్టువారును కలరు. బయటపడని హృద్రోగము గలవారికి ఇట్టి పంతము ప్రాణాపాయమే కావచ్చును.

కోల్‌కతాలోను, అచటికి రైలుమార్గమున కొన్ని గంటల దూరముననున్న ఖడ్గపూరులోను తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అదియునుగాక, ఆ నగరపు తేమగాలి విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వారికి క్రొత్తది కాదు. కావున కోల్‌కతాను దృష్టాంతముగా గైకొని చెప్పు ఈ మాటలు మన కోస్తా జిల్లాలవారికిని వర్తించును.

విరామ శిక్షణ యననేమి?

ఈ పద్ధతికి శాస్త్రీయ రూపము కల్పించినవారిలో ముఖ్యులు జర్మనీ దేశపు ఫ్రైబుర్గ్ నగరమునకు చెందిన వోల్డెమార్ గెర్ష్లర్ అను శిక్షకుడును, హెర్బర్ట్ రైండెల్ అను వైద్యుడును. 1930 తరువాతి దశకములో వారు నాడిని లెక్కించుచు పరుగును, విరామమును నిర్ణయించిరి. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్ నగరమున 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకనులలో పరుగెత్తెను. ఆ ప్రపంచ రికార్డు 1955 వఱకు చెక్కుచెదరలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటను స్వర్ణ పతకములు గెలిచిన ఎమిల్ జాటోపెక్ కూడ 400 మీటర్ల పరుగును అనేక పర్యాయములు చేసి సాధన చేసినవాడే.

ఇందు శరీరమున జరుగు పనిని తెలిసికొనుట అవసరము. పూర్తి వడితో పరుగెత్తునపుడు మొదటి కొలది సెకనుల శక్తి ప్రధానముగా కండరములలో నిలువయున్న ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము వలన లభించును. ఆ నిలువ ఇంచుమించు పది సెకనులలో చాలవఱకు తఱిగిపోవును. పిదప కండరములలోని చక్కెర నిలువలు వేగముగా వ్యయమగును, కాళ్లు బరువెక్కును, ఊపిరి ఆడనట్లుండును. విరామ కాలమున గుండెయు, ఊపిరితిత్తులును ప్రాణవాయువును అందించి మొదటి నిలువను మరల పూరించును. అందు సగము ఇంచుమించు అర నిమిషములో పూడును. చాలవఱకు పూడుటకు మూడు నాలుగు నిమిషములు పట్టును. కావున విరామమును తగ్గించి చూపుట గొప్పకాదు. అదియు శిక్షణలో భాగమే.

ప్రసిద్ధుల సమయములు మనకు కొలబద్దలు కావు

వడిపరుగునకు కోల్‌కతాలో పాత చరిత్ర కలదు. ఆ నగరమున 1875లో జన్మించిన నార్మన్ ప్రిచర్డ్ 1894 నుండి 1900 వఱకు వరుసగా ఏడేండ్లు బెంగాలు రాష్ట్రపు 100 గజముల పరుగులో విజేతయయ్యెను. 1900లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో 200 మీటర్ల పరుగునందును, 200 మీటర్ల హర్డిల్స్ పరుగునందును రజత పతకములు గెలిచెను. నేటి కాలమునకు వచ్చినచో, 2009లో ఉసేన్ బోల్ట్ బెర్లిన్ నగరమున 100 మీటర్లను 9.58 సెకనులలో ముగించెను. మనదేశపు అనిమేష్ కుజూర్ 2025లో 10.18 సెకనులలో ముగించెను.

ఈ అంకెలు ఉత్సాహమును కలిగించుటకు తగినవే. కాని ఇవి ఒక్కసారి, సర్వశక్తులు ఒడ్డి, నున్నని ట్రాకుపై పరుగెత్తిన పరుగుల సమయములు. విరామ శిక్షణలో అదే దూరమును ఆఱు లేక ఎనిమిది పర్యాయములు పరుగెత్తవలెను. రెండింటికిని లక్ష్యము వేఱు. కావున కొలతయు వేఱు.

కొలుచు సాధనమును బట్టి కూడ అంకె మాఱును. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో మిల్ఖా సింగ్ 400 మీటర్ల పరుగున నాలుగవవాడుగా వచ్చినపుడు చేతి గడియారము చూపిన సమయము 45.6 సెకనులు, విద్యుత్ యంత్రము చూపినది 45.73. శిక్షణ పొందిన అధికారులు కొలిచినపుడే ఇంత తేడా వచ్చినచో, పరుగెత్తుచు తన గడియారమును తానే నొక్కుకొనువాని విషయమున దశాంశములను గుఱించి తగవేల? మనకు పూర్ణ సెకనులు చాలును.

మీ సమయమును మీరే తేల్చుకొను విధము

మొదట దూరమును సరిగా కొలువుడు. గీతలు గీచిన 400 మీటర్ల ట్రాకు దొరకిన మంచిది. లేనిచో సమతలమగు నేలపై కొలతటేపుతో 100 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకొనుడు. ఉపగ్రహముల సాయముతో దూరము చూపు చేతి గడియారములు పెద్ద దూరములకు పనికివచ్చును గాని, చెట్లక్రింద చిన్న దూరములకు నమ్మదగినవి కావు. 100 మీటర్లలో ఐదు మీటర్లు తప్పినచో సమయములో నూటికి ఐదు వంతుల పొరపాటు వచ్చును.

పిదప మీ మామూలు పరుగు వేగమును లెక్కింపుడు. ఐదు కిలోమీటర్లను 30 నిమిషములలో పరుగెత్తువాడు 200 మీటర్లను 72 సెకనులలో దాటుచున్నాడన్నమాట. అతడు మొదటి వారములలో 64 మొదలు 68 సెకనుల వఱకు గల సమయమును లక్ష్యముగా పెట్టుకొనుట యుక్తము. పది పదిహేను నిమిషములు మెల్లగా పరుగెత్తి ఒడలు వేడెక్కిన తరువాతనే వడిపరుగు మొదలిడవలెను. ఒక్కొక్క పరుగు తరువాత రెండు మూడు నిమిషములు నడువవలెను. చిన్న వాక్యమొకటి తడబడక పలుకగలిగినపుడే మఱియొక పరుగునకు సిద్ధమైనట్లు.

ఇప్పుడు అసలు విషయము. లెక్క కొఱకు ఇద్దఱు సాధకులను ఊహింతము. ఇరువురును 200 మీటర్లను ఆఱు పర్యాయములు పరుగెత్తిరి. మొదటివాని సమయములు 42, 45, 49, 54, 58, 64 సెకనులు. రెండవవానివి 49, 49, 50, 50, 51, 51. చూచువారు మొదటివానినే మెచ్చుకొందురు. అతని తొలి పరుగు ఏడు సెకనులు తక్కువ గదా! కాని కూడి చూడుడు. మొదటివాని మొత్తము 312 సెకనులు, సగటు 52. రెండవవాని మొత్తము 300 సెకనులు, సగటు 50. నెమ్మదిగా కనబడినవాడే మొత్తముమీద వడిగా పరుగెత్తినాడు.

సగటు సమయము, మీ ఉత్తమ సమయముకంటె ఎంత ఎక్కువయో చూచుకొనుడు. రెండవవానికి ఆ తేడా నూటికి రెండు. మొదటివానికి నూటికి ఇరువదినాలుగు. నూటికి ఐదు లోపల నున్నచో మీరు ఎంచుకొన్న సమయము మీకు తగినది. పదికి మించినచో తొలి పరుగు మితిమీఱినదని తెలియవలెను. కావున మంచి సమయమనగా, చివరి పరుగున కూడ మీరు నిలుపుకొనగల సమయము. యాబది సెకనులు మంచివా కావా యను ప్రశ్నకు ఆఱవ పరుగు ముగిసిన పిదపనే సమాధానము దొరకును.

ఆఱు పరుగులును నిలుకడగా సాగి, మఱునాడు కాళ్లలో బాధ లేకున్నచో, రెండు మూడు వారముల తరువాత లక్ష్యమును ఒకటి రెండు సెకనులు తగ్గింపవచ్చును. వారమునకు ఒకటి రెండు దినములు ఇట్టి సాధన చాలును; రెండింటి నడుమ కనీసము రెండు దినములు ఎడముండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మితమైన వ్యాయామమును గాని, 75 నుండి 150 నిమిషముల తీవ్ర వ్యాయామమును గాని సూచించినది. వడిపరుగు ఇందొక భాగము మాత్రమే.

ఋతువును గమనింపుడు

చెమట ఆఱినపుడే దేహము చల్లబడును. కోల్‌కతాలో వేసవియందును, జూను మొదలు సెప్టెంబరు వఱకు వానకాలమునను గాలిలో తేమ హెచ్చు. చెమట కాఱునే గాని ఆఱదు. అట్టి దినమున జనవరి నాటి సమయమును రాబట్ట ప్రయత్నించుట అవివేకము. లక్ష్యమును సడలింపుడు; పరుగుల సంఖ్యను తగ్గింపుడు. ఆ నగరమున జూను మాసములో ఐదు గంటలకు ముందే సూర్యుడుదయించును గనుక, సాధన ఆ వేళకే ముగియుట మేలు. వానలకు తడిసిన గడ్డిపై వడిపరుగు కూడదు.

చలికాలమున చల్లదనము పరుగునకు అనుకూలమే. కాని ఉదయవేళ పొగ, ధూళి నేలకు చేరువగా నిలిచియుండును. విక్టోరియా స్మారకము వద్దను, రవీంద్ర సరోవరము వద్దను గాలిని కొలుచు కేంద్రములు కలవు. వాని సూచిక 200 దాటినచో గాలి చెడ్డదని అర్థము. ఆ దినమున వడిపరుగు మానుడు. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు 100 దాటినపుడే జాగ్రత్త వహింపవలెను.

ముందుగా వైద్యుని చూడవలసినవారు

చిరకాలము వ్యాయామము లేక, నలువది ఏండ్లు దాటినవారు, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగు అలవాటు గలవారు, దగ్గఱి బంధువులలో చిన్న వయస్సుననే గుండెపోటు వచ్చినవారు వైద్యుని సలహా లేక వడిపరుగు మొదలిడరాదు. పరుగులో రొమ్ము నొప్పి, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, తల తిరుగుట, గుండె లయ తప్పుట కనబడిన తక్షణమే ఆగవలెను. ఎండలో పరుగెత్తువాడు మాట తడబడి, తికమకపడి పడిపోయినచో, నీడకు చేర్చి, 112 సంఖ్యకు ఫోను చేయించి, ఒడలంతట చల్లని నీరు పోసి విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

చిన్న పుస్తకమొకటి దగ్గఱ నుంచుకొనుడు. తేదీ, దూరము, ఆఱు సమయములు, ఆనాటి ఎండ, రాత్రి నిద్ర ఇంతమాత్రము వ్రాసికొనుడు. మూడు నెలల పిదప తిరుగవేసి చూచినచో, మీరు ఎవనితో పోటీపడవలెనో ఆ పుటలలోనే కనబడును. అతడు నిన్నటి మీరే. అతనిని సెకను పాటి మించి, సుఖముగా ఇల్లు చేరి, మఱునాడు కూడ మైదానమునకు రాగలిగినచో, అంతకుమించిన మంచి సమయము వేఱొకటి లేదు.