ఓడినవారికి అగ్రతాంబూలము

అమెరికావారి ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. అందలి వృత్తిక్రీడాసంఘమున 1936 నుండి ఒక వింత ధర్మము నడచుచున్నది. కళాశాలల నుండి వచ్చు యువకులను ఎంచుకొనుటలో, గత సంవత్సరము అందరికంటె వెనుకబడిన జట్టుదే తొలి వంతు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ యోచన యిది. ధనికులే ప్రతిభనంతయు కొనివేసినచో ఆటలో పోటీ యెక్కడిది?

మరి ఆటగాని యిష్టమో? నిర్ణీతకాలము ఆడి ఒడంబడిక తీరినవానికి, కోరిన జట్టుకు పోవు స్వేచ్ఛ 1993లో లభించెను. జట్టు చెల్లించు మొత్తము జీతములకు 1994లో హద్దు ఏర్పడెను.

2000లో టామ్ బ్రేడీ వంతు 198 మంది తరువాత గాని రాలేదు. అతడే న్యూ ఇంగ్లండు జట్టుకు ఆరుమార్లు సూపర్ బౌల్ గెలిచిపెట్టెను; 2020లో స్వేచ్ఛగా టాంపా బే చేరి, 2021లో ఏడవది గెలిచెను.

ఉపాధ్యాయ మిత్రులారా! మన తరగతిలో చివరి బల్లవానిని మొదట పిలుచుట ఎన్నడు?