పాలబండి మీటరును ఎంతవరకు నమ్మవచ్చును?

మన సంఘాలలో పాలు కొలిచే పాత్రలకు తూనికలు, కొలతల శాఖవారి ముద్ర ఉన్నదా అని సభ్యులు అడుగుతారు. వెన్నశాతం పరీక్షను దగ్గర నిలబడి చూస్తారు. బండి కిలోమీటర్ల విషయంలో మాత్రం మీటరు చూపినదే సరియని ఒప్పుకుంటారు. రవాణా ఖర్చు చివరకు పాల ధర మీదనే పడుతుంది కనుక ఈ లెక్క గూడ తెలిసియుండుట అవసరం.

మీటరు రోడ్డును కొలవదు. చాలా లారీలలో, వ్యానులలో అది లెక్కించేది గేరుబాక్సు నుండి వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు చుట్లను. పాతవాటిలో ఈ పని కేబులు చేస్తుంది, కొత్తవాటిలో సెన్సారు చేస్తుంది. ఎన్ని చుట్లకు ఒక కిలోమీటరో కంపెనీవారు టైరు సైజును, ఇరుసులోని పళ్లచక్రాలను బట్టి ముందే నిర్ణయిస్తారు. వీటిలో ఏది మార్చినా మీటరుకు ఆ సంగతి తెలియదు.

7.50-16 టైర్లు తీసి 8.25-16 వేస్తే చుట్టుకొలత సుమారు 6 శాతం పెరుగుతుంది. బండి 100 కి.మీ. పోతే మీటరు 94 చూపుతుంది. నష్టపోయేది బండి యజమానియే. పైగా మీటరు ముల్లు 50 మీద ఉన్నప్పుడు అసలు వేగం 53 ఉంటుంది. డ్రైవరు ఇది తెలుసుకోవలెను. అరిగిన టైరు ఇందుకు ఎదురుగా ఒకటి రెండు శాతం ఎక్కువ చూపుతుంది. దానికి తగవు పడనక్కరలేదు.

పెద్ద తేడా ఇరుసు దగ్గర వస్తుంది. గిద్దలూరు నుండి నంద్యాల వైపు నల్లమల ఘాటు ఎక్కే బండ్లకు బరువు లాగడానికి క్రౌను, పినియను మార్చడం కద్దు. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 7 పళ్లు ఉంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు 5.86 చుట్లు తిరుగుతుంది. 6 పళ్ల పినియను వేస్తే 6.83 చుట్లు. అంటే మీటరు ఆరవ వంతు ఎక్కువ చూపుతుంది. రోజుకు 120 కి.మీ. తిరిగే బండి 30 రోజులలో పోయేది 3,600 అయితే బిల్లులో 4,200 పడుతుంది. ఆ 600 కి.మీ. డబ్బు సభ్యులదే. ఇందులో ఎవరి మోసమూ ఉండకపోవచ్చును. లీటరుకు 6 ఇచ్చే బండి 7 ఇస్తున్నదని యజమాని గూడ సంతోషిస్తుంటాడు!

పరీక్ష సులభం. కంభం-గిద్దలూరు రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి వద్ద మీటరు అంకె వ్రాసుకొని, 20 కిలోమీటర్ల తరువాతి రాయి వద్ద మరల చూడవలెను. సంఘ ప్రతినిధి, డ్రైవరు ఇద్దరూ బండిలో ఉండాలి. మీటరు 23.3 చూపితే 20ని దానితో భాగించగా 0.858 వస్తుంది. బిల్లులోని కిలోమీటర్లను దీనితో హెచ్చించాలి. చేతిఫోనులోని దూరంతో గూడ సరిచూడవచ్చు గాని, రాళ్ల లెక్కకైతే ఇరుపక్షాలు తేలికగా ఒప్పుకుంటాయి.

టైరు సైజు గాని, పినియను గాని మార్చిన తేదీని బండి రిజిస్టరులో వ్రాయించి, అదే వారంలో పరీక్ష చేయించవలెను. కేబులు మీటరైతే కేబులు మొదట ఉండే చిన్న పళ్లచక్రం మార్చి మెకానిక్ సరిచేయగలడు. సెన్సారు బండిని కంపెనీ వర్క్‌షాపుకు పంపాలి. అంతవరకు పై విధంగా హెచ్చించిన లెక్క మీదనే బిల్లు చెల్లించవచ్చును.