సంత్రాగాఛి దాటని ఊరేగింపు

హౌరా రైలులో ప్రయాణించే తెలుగువారికి సంత్రాగాఛి ఒక స్టేషన్ పేరు. చలికాలంలో అక్కడి చెరువుకు వలసపక్షులు వస్తాయని కొందరికి తెలిసి ఉండవచ్చు. 2013లో పశ్చిమ బెంగాల్ సచివాలయం హౌరాలోని ‘నబాన్న’ భవనానికి మారిన తరువాత ఆ పేరుకు మరొక అర్థం ఏర్పడింది. ప్రభుత్వాన్ని నిలదీయ బయలుదేరిన జనాన్ని పోలీసులు నిలిపివేసే చోట్లలో అది ఒకటి.

2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో ఒక యువ వైద్యురాలు అత్యాచారానికీ, హత్యకూ గురైంది. 27న నబాన్నకు నడవాలని విద్యార్థుల పేరిట పిలుపు వచ్చింది. సంత్రాగాఛిలో జనం ఇనుప అడ్డుకట్టలను పెకలించారు. పోలీసులు నీటి ఫిరంగులు, బాష్పవాయువు ప్రయోగించారు. ముఖ్యమంత్రి రాజీనామా చేయాలన్నది వారి కోరిక. రాజీనామా రాలేదు.

ఎన్నికకూ ఎన్నికకూ మధ్య పౌరుని మాట వినే వాకిళ్లు మూతపడినప్పుడు వీధి ఒక్కటే మిగులుతుంది. కాని వీధిలో పుట్టిన బలం ఏ వాకిలి గుండా లోపలికి ప్రవేశిస్తుందన్నదే అసలు ప్రశ్న.

జూనియర్ డాక్టర్లు వేరొక దారి పట్టారు. సెప్టెంబరు 10 నుంచి ఆరోగ్యశాఖ కార్యాలయం ఎదుట బైఠాయించారు. చర్చలను ప్రత్యక్ష ప్రసారం చేయాలన్నారు; ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరకు 16న ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఇంటికి వెళ్లినప్పుడు, ప్రతి మాటా నమోదు చేయడానికి స్టెనోగ్రాఫర్లను వెంట తీసుకువెళ్లారు. మరునాడు నగర పోలీసు కమిషనరునూ, ఆరోగ్యశాఖలో ఇద్దరు డైరెక్టర్లనూ తొలగించారు. గుంపుకన్న కాగితానికే ప్రభుత్వాలు ఎక్కువ జంకుతాయి కాబోలు!

ఈ విద్య మమతా బెనర్జీకి కొత్త కాదు. హుగ్లీ జిల్లా సింగూరులో టాటా కార్ల కర్మాగారానికి 997 ఎకరాలు సేకరించినప్పుడు, ఇష్టపడని రైతుల భూమి తిరిగి ఇవ్వాలని 2006 డిసెంబరులో ఆమె నిరాహారదీక్ష పూనారు. 2008లో టాటాలు వెళ్లిపోయారు. 2011లో 34 ఏళ్ల వామపక్ష పాలన ముగిసి, ఆమె అధికారంలోకి వచ్చారు. అంతటితో భూమి చేతికి వచ్చిందా? ఆమె చేసిన చట్టాన్ని 2012లో హైకోర్టు కొట్టివేసింది. 2016లో సుప్రీంకోర్టు భూసేకరణను రద్దు చేసిన తరువాతగాని రైతులకు పొలాలు దక్కలేదు.

తెలుగునాట దూబగుంట సంగతి మరువరానిది. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఖజానాకు రాబడి పుట్టే చోటే పట్టుకున్నారన్నమాట. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. 1994 ఎన్నికలలో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేసి గెలిచారు. 1995లో చట్టం వచ్చింది. ఆ స్త్రీలు మాత్రం శాసనసభకు తమ ప్రతినిధులను పంపుకోలేదు. 1997లో రాబడి తగ్గిందన్న కారణంతో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది.