రాజమండ్రి ట్రాప్స్

రాజమండ్రి ట్రాప్స్ అనేవి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో గోదావరి నదికి ఇరువైపులా బయల్పడిన బసాల్టు శిలల పొరలు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ప్రవహించిన లావా గట్టిపడి ఇవి ఏర్పడ్డాయి. తూర్పు గట్టున రాజమహేంద్రవరం వద్ద గల కాతేరులోను, పడమటి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం పరిసరాలలోను ఇవి కనిపిస్తాయి. విస్తీర్ణంలో చాలా చిన్నవే అయినా, రాక్షసబల్లులు అంతరించిన కాలాన్ని, దక్కను లావా ప్రవాహాల కాలాన్ని ఒకదానితో ఒకటి పోల్చి చూడడానికి వీలు కల్పించినందున వీటికి ప్రాముఖ్యత ఏర్పడింది.

పేరు, పుట్టుక

స్కాండినేవియా భాషలలో 'ట్రాప్' అంటే మెట్టు. ఒకదానిపై ఒకటిగా పరచుకొన్న లావా పొరలు కోతకు గురై, కొండవాలులు మెట్లవలె కనిపించడం వలన ఈ పేరు వచ్చింది. పశ్చిమ, మధ్య భారతంలో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఇటువంటి పొరలు వ్యాపించి ఉన్నాయి. వీటిని దక్కన్ ట్రాప్స్ అంటారు. పశ్చిమ కనుమలలో వీటి మందం రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాలు వీటి అంచున ఉన్నాయి. అక్కడి నల్లరేగడి నేల ఈ రాయి శిథిలమై ఏర్పడినదే.

ఆ కాలానికి హిమాలయాలు లేవు. భారత భూభాగం భూమధ్యరేఖకు దక్షిణాన ఒక ద్వీపంగా ఉండి, ఉత్తర దిశగా వేగంగా కదులుతూ ఉండేది. అది ఆసియాను ఢీకొని పర్వతాలు పైకి లేవడం మొదలైనది మరో కోటిన్నర సంవత్సరాల తర్వాతనే.

దక్కను ప్రధాన భాగానికీ రాజమహేంద్రవరానికీ మధ్య సుమారు 400 కి.మీ. దూరం ఉన్నది. అందువలన ఇక్కడి లావా స్థానికంగానే భూమి పగుళ్ళ నుండి వెలువడినదని కొందరు భావించారు. అయితే దీని రసాయన సమ్మేళనం పశ్చిమ కనుమలలోని అంబేనలి, మహాబలేశ్వర్ పొరలతో సరిపోలింది. లావా పురాతన నదీలోయల వెంట తూర్పు తీరం వరకు ప్రవహించి వచ్చిందని 2008లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అదే నిజమైతే దాదాపు 1000 కి.మీ. పొడవున్న ఈ ప్రవాహాలు, భూమిపై ఇంతవరకు గుర్తించిన లావా ప్రవాహాలలో అతి పొడవైనవి అవుతాయి.

రెండు పొరల నడుమ

దక్కనులో లావా ఎక్కువగా నేలపైనే పారింది. పొరల మధ్య చిక్కుకొన్న మట్టిలో సాధారణంగా చెరువులలో, నదులలో బ్రతికిన జీవుల శిలాజాలే ఉంటాయి. ప్రపంచవ్యాప్తంగా కాలనిర్ణయానికి ఉపయోగపడే సముద్ర జీవులు వాటిలో అరుదు. రాజమహేంద్రవరం వద్ద లావా సముద్రపు అంచును చేరింది. ఇక్కడ కింది లావాకు, పై లావాకు నడుమ కొద్ది మీటర్ల మందాన సున్నపురాయి, బంకమన్ను వంటి అవక్షేపాలు ఉన్నాయి.

ఈ అవక్షేపాలలో ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు దొరికాయి. ఇవి సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపిస్తాయి. సముద్రపు పైనీటిలో తేలే ఫోరామినిఫెరాలలో అత్యధిక జాతులు క్రెటేషియస్ యుగాంతంలో నశించగా, ఆ వెంటనే చిన్న పరిమాణం గల కొత్త జాతులు పుట్టాయి. నడిమి పొరలో ఉన్నవి ఈ కొత్త జాతులు. గెర్టా కెల్లర్ బృందం 2008లో ఈ విషయాన్ని ప్రకటించి, కింది లావా విలుప్తికి సమీపకాలంలో ముగిసిందని, పై లావా ఆ తర్వాత చాలాకాలానికి వచ్చిందని నిర్ణయించింది. అనంతరం కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువుల సంస్థ తవ్విన బావుల నమూనాలను కూడా పరిశీలించారు.

శిలల అయస్కాంత గుణం మరొక సాక్ష్యం. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను నిలుపుకొంటాయి. కింది పొర నేటికి వ్యతిరేక దిశను, పై పొర నేటి దిశను చూపుతున్నాయి. విలుప్తి జరిగినది వ్యతిరేక దిశ కాలంలో. దిశ మారినది సుమారు మూడు లక్షల సంవత్సరాల తర్వాత.

ఉల్కా, లావానా?

నాలుగింట మూడు వంతుల జాతులు నశించిన ఈ విలుప్తికి గ్రహశకలం ఢీకొనడమే కారణమని 1980లో లూయీ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్ అల్వారెజ్, మరి ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. నాటి బంకమట్టి పొరలో భూమి ఉపరితలంపై అరుదైన ఇరిడియం అధికంగా ఉండడం వారి ఆధారం. తర్వాత మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద సుమారు 180 కి.మీ. వ్యాసం గల బిలం బయటపడింది. దక్కను లావాతో వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్, బొగ్గుపులుసు వాయువులే జీవులను దెబ్బతీశాయని కెల్లర్ వాదించారు. అధిక సంఖ్యాకులు గ్రహశకలాన్నే ప్రధాన కారణంగా అంగీకరిస్తున్నారు. రెండు ఆపదలూ భూగర్భ కాలమానంలో దాదాపు ఒకేసారి రావడం వలన వాటి ప్రభావాలను విడదీయడం కష్టమౌతున్నది. 2019లో రెండు బృందాలు వేర్వేరు పద్ధతులలో దక్కను లావా వయస్సును లెక్కించగా, విలుప్తికి కొద్దిముందు పెద్ద ఎత్తున లావా వెలువడిందని ఒకటి, అధిక భాగం విలుప్తి తర్వాతనే వచ్చిందని మరొకటి తేల్చాయి.

క్వారీలు

ఈ పొరల వరుస స్పష్టంగా కనబడేది రాతి క్వారీల గోడలలో. రోడ్ల కంకర కొరకు నల్లరాయిని తవ్వినందువల్లనే నడిమి అవక్షేపాలు వెలుగు చూశాయి. క్వారీ ముందుకు సాగినకొద్దీ, పరిశోధకులు నమూనాలు తీసిన గోడ కూడా తవ్వకంలో పోతుంది.